గాజుల దుకాణం పెట్టే ముందు

పోయిన శీతాకాలంలో తెనాలికి ఒక సీమంతానికి వెళ్ళాను. పిలిచినవారు నాతోపాటు కళాశాలలో పాఠం చెప్పే అధ్యాపకురాలు. సీమంతం వారి అమ్మాయికి. వెండి పళ్ళెంలో పచ్చని మట్టిగాజులు అందంగా పేర్చి ఉన్నాయి గాని, వాటిని ఆ పిల్ల చేతికి ఎక్కించే దారి అక్కడ ఎవరికీ తెలియలేదు. ఒకరు సబ్బు నురగ తెచ్చారు. మరొకరు ప్లాస్టిక్ కవరు తెచ్చి చేతికి తొడిగి, దాని మీదుగా గాజు జార్చబోయారు. గాజు మణికట్టు దాకా రాకుండానే విరిగింది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను వేయనా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే ఆ చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. బొటనవేలి మొదలు లోపలికి నొక్కి, అరచేతిని దోనెలా ముడిచి, ఒక్కొక్క గాజూ ఎక్కించాను. పని పూర్తయ్యాక తలెత్తి చూస్తే హాలంతా నన్నే చూస్తోంది. "మేడమ్‌గారికి ఇదెలా వచ్చిందండీ?" అని ఒకావిడ అడిగింది. "మా ఇంటి పనండి" అన్నాను. అంతకంటే పొడుగు జవాబు ఆ హాలులో చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఇల్లు భట్టిప్రోలులో, కాలువ వైపు వీధిలో ఉండేది. నాన్న గాజులు అమ్మేవారు. రేపల్లె చుట్టుపట్ల జరిగే సంతలకు సైకిలు మీద గాజుల పెట్టె కట్టుకుని వెళ్ళేవారు. సంత రోజు తెల్లవారుతుండగానే మా ఇంట్లో కొబ్బరినూనె వాసన మొదలయ్యేది. నాన్న పెరట్లో పీట వేసుకుని కూర్చుని, ఒక పూజ చేస్తున్నంత శ్రద్ధగా అరచేతులకు నూనె పట్టించి, సున్నిపిండితో కడుక్కుని, గోళ్ళు చూసుకునేవారు. వారు కట్టెలు కొట్టగా నేనెన్నడూ చూడలేదు. తాడు పట్టి నీళ్ళు తోడనిచ్చేది కాదు అమ్మ. మొగుడిని కూర్చోబెట్టి అమ్మే గొడ్డలి పట్టుకోవడం చూసి వీధిలో వాళ్ళు నవ్వుకునేవారు. నాన్న మాత్రం ఏమాత్రం నొచ్చుకునేవారు కాదు. గరుకు చేతికి ఏ ఆడమనిషీ చెయ్యివ్వదని వారి నమ్మకం. పరాయి స్త్రీ చేతిని పట్టుకోవలసిన వృత్తి కనుక, చూపు మణికట్టు దాటి పైకి వెళ్ళకూడదని మరొక నియమం. పదేళ్ళుగా తన దగ్గర గాజులు వేయించుకునే మనిషి దారిలో ఎదురైనా నాన్న ముఖం గుర్తుపట్టేవారు కారట. ఆమె చెయ్యి చూపితే ఊరితో సహా చెప్పేవారట.

సంత నాన్నదైతే, ఇళ్ళు అమ్మవి. పెళ్ళికూతుళ్ళకూ కడుపుతో ఉన్నవాళ్ళకూ ఇంటికి వెళ్ళి గాజులు వేసేది అమ్మే. అమ్మ వేస్తే గాజు చిట్లదని కొల్లిపర దాకా పేరు. చిన్నప్పుడు ఆమె వెంట వెళ్ళి, వేడి వేడి పులిహోర తింటూ, ఆమె వేళ్ళ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. గాజు ఆ చేతుల మీదుగా నీరు పల్లానికి వెళ్ళినట్టు వెళ్ళేది. ఎప్పుడు బొటనవేలు దాటిందో, ఎప్పుడు మణికట్టు చేరిందో కంటికి అందేది కాదు. మా ఇంట్లో చదువుకున్నవారు ఎవరూ లేరు. నన్ను బాపట్లలో హాస్టలులో ఉంచి డిగ్రీ చదివించింది ఆ నాలుగు చేతులే.

చివరి ఏడాది చదువుతుండగా నాన్న జ్వరంతో మంచం పట్టి, మళ్ళీ లేవలేదు. ఆచారం ప్రకారం పదో రోజున అమ్మ చేతుల గాజులు తీయించారు. తీయించడమంటే ఏమిటో వివరించను. ఆ గదిలో నేనూ ఉన్నాను. ఆ తరువాత అమ్మ గాజుల పెట్టె మీద పాత దుప్పటి కప్పింది. ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. పిలవడానికీ ఎవరూ రాలేదు. శుభానికి వేసే గాజు ఆ చేతుల మీదుగా వెళ్ళకూడదని ఎవరూ ఆమెకు చెప్పనక్కరలేకపోయింది. అది ఆమెకు అందరికంటే బాగా తెలుసు. పరీక్షలు రాసి నేను ఇల్లు చేరేసరికి అమ్మ మిరపకాయలు కోసే కూలికి పోతోంది. ఆ వేళ్ళ చివర్లు ఎర్రగా పొంగి ఉన్నాయి. అవి చూసిన పూటే, దుకాణం నేను పెడతానని చెప్పాను.

అమ్మ అన్నం వడ్డిస్తూ, తలెత్తకుండా అంది. "గాజులమ్మటం అంటే గాజులిచ్చి డబ్బులు పుచ్చుకోటం అనుకున్నావా? వాళ్ళు చెయ్యివ్వాలే. నీకెవరిస్తారు చెయ్యి?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. మట్టిగాజులు కొన్న మనిషి వాటిని పొట్లం కట్టించుకుని పోదు, అమ్మినవాళ్ళే తొడగాలి. తొడుగుతుండగా చిట్లితే ఆ గాజు అమ్మినవాళ్ళదే. చెయ్యి ఇవ్వనివాళ్ళు గాజులూ కొనరు. ఎవరూ చెయ్యి ఇవ్వకపోతే దుకాణం లేదు, అమ్మ మిరప చేలల్లోనే ఉండిపోతుంది. విషయం అంత సూటిగా ఉంది. "నేర్పితే ఇస్తారు" అన్నాను. అమ్మ అన్నం గిన్నె కింద పెట్టింది. తరువాత వెళ్ళి పెట్టె మీది దుప్పటి తీసి, దులిపి, మడతపెట్టింది.

మొదటి పాఠం గాజుతో కాదు, అంట్లతో మొదలైంది. మరునాటి నుంచి నేను బూడిదతో గిన్నెలు తోమకూడదు, పేడ ముట్టకూడదు, బట్టలు బండకేసి బాదకూడదు. రాత్రీ పగలూ చేతులకు కొబ్బరినూనె. నాన్న కోసం కేటాయించిన ఏర్పాట్లన్నీ నాకు సంక్రమించాయి. పక్కింటి సరోజ పిన్ని గోడ మీదుగా ఇదంతా చూసి ఊరుకోలేదు.

"ఏంటక్కా, కలెక్టరమ్మ చేతులు కందిపోతాయనా?"

"కందకూడదే. వచ్చే నెల సంతకెళ్ళాలి."

"మా ఇంట్లో కూడా డిగ్రీ చదివినోళ్ళుంటే బాగుండు. నేనూ అంట్లు తోమించుకుందును."

"తోమేది నేనేగా. నీకేంటి నష్టం?"

పిన్ని వెక్కిరించినా, గోరింటాకు నూరినప్పుడు మాత్రం నా చేతుల జోలికి రాకుండా చూసింది. గాజులు వేసే చెయ్యి ఖాళీగా కనిపించాలని, లేకపోతే కొనడానికి వచ్చినవాళ్ళ చూపు గాజుల మీద నిలవదని ఆమెకూ తెలుసు.

రెండో పాఠం చెవిది. అమ్మ పెట్టెలోని గడ్డిలో నుంచి గాజులు ఒక్కొక్కటిగా తీసి గోటితో మీటి వినిపించేది. మంచి గాజు సన్నగా, కాస్త సాగుతూ పలుకుతుంది. కంటికి కనిపించని పగులున్నది మొద్దుగా పలికి ఆగిపోతుంది. మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని ఇద్దరమూ అదే పని. ఎండుగడ్డి వాసన, పాత వార్తాపత్రికల వాసన, లోపల పొయ్యి మీద ఉడికే పప్పు వాసన, వాటన్నిటి మధ్య ఆ సన్నని చప్పుడు. కొన్నాళ్ళకు గాజు పలకకముందే దాని మాట నాకు తెలిసేది. కళాశాలలో ఎన్నో పరికరాలతో ఎన్నో కొలిచాను గాని, నా చెవి కూడా ఒక పరికరమని అంతకు ముందు తట్టలేదు. ఆ సంగతి నన్ను ఎంత అబ్బురపరిచిందంటే, నిద్ర లేవగానే మంచినీళ్ళ గ్లాసును కూడా మీటి వినేదాన్ని.

సరుకు కోసం రేపల్లె పాసింజరు ఎక్కి తెనాలి వెళ్ళాం. టోకున అమ్మే కొట్టులో అడుగు పెట్టగానే నిలుచుండిపోయాను. నేల నుంచి దూలాల దాకా గాజులు. పైన రేకుల్లోని అద్దం గుండా పడే ఎండ వాటిలో నుంచి వెళ్ళి, ఎదుటి గోడ మీద పచ్చగా, ఎర్రగా, వంగపండు రంగులో కదులుతోంది. అమ్మ అక్కడ ఒక్క మాటా మాట్లాడలేదు. కొట్టు యజమాని ఆమె చేతులు చూసి చూపు తిప్పుకుని, "ఏం కావాలమ్మా?" అని నన్ను అడిగారు. నేను అడిగిన ప్రతిసారీ అమ్మ నా వెనుక నుంచి నా జడను మెల్లగా లాగేది. ఒకసారి లాగితే తీసుకోమని, రెండుసార్లు లాగితే వద్దని. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ మాట ఎత్తి ఇద్దరం నవ్వుకున్నాం. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

ఇక అసలు విద్య మిగిలింది. వేయడం నేర్చుకోవాలంటే ఒక చెయ్యి కావాలి. నా ఎడమ చేతికి నేను వేసుకుంటూ నేర్చుకోబోతే, అది నొప్పి తనదే కనుక ముందుగానే వంగిపోయేది. సరోజ పిన్ని రోజూ పనులయ్యాక వచ్చి చెయ్యి అప్పగించింది. "ఉచితంగా వేయించుకుంటన్నా, మళ్ళీ తీసేసుకుంటన్నారు. ఇదేం న్యాయం?" అనేది. గాజు వేస్తూ ఊరికే ఉండకూడదని అమ్మ ఆజ్ఞ. "మాట్లాడిస్తూ వెయ్యాలి. బిగబట్టుకున్న చెయ్యి రాయే." నాకేమో కొత్తవారితో మాట్లాడడం రాదు. ఏం మాట్లాడాలో ముందే ఆలోచించుకుని, పరీక్షకు సిద్ధమైనట్టు సిద్ధమయ్యేదాన్ని.

"మీ ఊళ్ళో వర్షపాతం ఎలా ఉందండి?" అని పిన్నిని అడిగాను.

పిన్ని పక్కకు పడి నవ్వింది. "ఏంటక్కా ఇది, గాజులు వేస్తదా, పంట నష్టం రాసుకుంటదా?"

"ఏం కూర వండారని అడగవే" అంది అమ్మ, తనూ నవ్వు ఆపుకుంటూ. "కూర దగ్గర మొదలెడితే చెయ్యి దానంతటదే ఒదులవుద్ది."

పిన్ని చేతికి వేయడం త్వరలోనే వచ్చేసింది. ఆమె చెయ్యి వెన్నముద్ద. నేర్చేసుకున్నానని నేను ధీమాగా ఉన్న ఒక మధ్యాహ్నం, పిన్ని వెళ్ళిపోయిన తరువాత అమ్మ గాజుల ముందు నుంచి లేవలేదు. "చేతులన్నీ సరోజ చేతుల్లా ఉండవు. కోతలు కోసిన చేతులొస్తాయి. రొయ్యలొలిచిన చేతులొస్తాయి. వేళ్ళు వంగవు, ఎముక కదలదు" అంది. కాసేపు వీధి వైపు చూసింది. ఎవరూ లేరు. తరువాత తన కుడి చెయ్యి చాచి నా ఒడిలో పెట్టింది.

నాకు అర్థం కాలేదు. అర్థమైన తరువాత ముట్టుకోలేకపోయాను. ఏడాదిగా బోసిగా ఉన్న ఆ చెయ్యి నా వంక చూస్తున్నట్టుగా ఉంది. మణికట్టు చుట్టూ, ఏళ్ళ తరబడి గాజులు ఉన్న చోట, చర్మం ఇంకా కాస్త తెల్లగానే ఉంది. "అమ్మా, తప్పు కదా" అన్నాను.

"వేసుకుంటే తప్పు. ఇది నేర్పటం" అంది అమ్మ. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "పెద్ద సైజు తియ్యి. ముందు వేళ్ళు కలుపు. ఊఁ."

ఆ చెయ్యి నిజంగానే రాయి. మిరపతోటలు, గొడ్డలి, నూతి తాడు, నాన్న చేతులను మెత్తగా ఉంచడానికి ఆమె మోసినదంతా ఆ కీళ్ళలో గట్టిపడి ఉంది. నొక్కాను, కదలలేదు. "భయపడకు, నొక్కు. నొప్పి చెయ్యిచ్చినోళ్ళకి తెలుసు, తెలిసే ఇస్తారు. నువ్వు సగంలో ఆపితేనే గాజు చిట్లేది" అంది. నొక్కాను. ఎముక పక్కకు జరగడం నా వేళ్ళకు తెలిసింది. పచ్చ గాజు కీలు దాటి, ఒక్క క్షణం ఆగి, జారి మణికట్టు మీద పడింది. అమ్మ చేతిని కాస్త ఎత్తి, గాజును వెలుతురు వైపు తిప్పి చూసింది. గాజు నాణ్యం చూస్తున్నట్టే చూసింది. మరోలా చూస్తే నేను ఏమైపోతానో ఆమెకు తెలిసి ఉండాలి. "ఇంకోటి" అంది.

వేయడం అయిన తరువాత సబ్బునీళ్ళు తెమ్మంది. "పగలకుండా తియ్యటం కూడా రావాలి. అది చాలామందికి రాదు." నురగలో ఆమె చెయ్యి ముంచి, వేసిన దారినే వెనక్కి, ఒక్కొక్కటీ తీశాను. అన్నీ చిన్న శబ్దం కూడా లేకుండా చక్కగా వచ్చాయి. తుడిచి వాటిని మళ్ళీ కట్టలో కలపబోతుంటే తన చేతికెక్కినవని అమ్మ నా చేతిని ఆపలేదు. పదో రోజున ఆ గదిలో విన్న చప్పుడు చాలాకాలంగా నా చెవిలో ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం తరువాత అది మళ్ళీ వినిపించలేదు.

నా మొదటి సంత, నగరం అనే ఊరి వైపు. నాన్న కూర్చునే చోటనే పట్టా పరిచి, గాజులు గుచ్చిన కర్రలు నిలబెట్టాం. అమ్మ వస్తానంది గాని, నా వెనుక, జనానికి వీపు పెట్టి, కట్టలు విప్పి అందించే పని వరకే. పైట చేతుల మీదుగా కప్పుకుని కూర్చుంది. పొద్దెక్కేకొద్దీ జనం వచ్చారు. తాళ్ళు అమ్మే ఆయన మమ్మల్ని చూసి, "వచ్చారా తల్లీ" అని ఎండ తగలకుండా తన గొడుగు కాస్త మా వైపు వంచాడు. ఆడవాళ్ళు ఆగుతున్నారు, గాజులు ముట్టుకుంటున్నారు, నాన్న గురించి అడుగుతున్నారు, అయ్యో అంటున్నారు. నా వెనుక కూర్చున్న మనిషిని చూసి గొంతు తగ్గిస్తున్నారు. రిబ్బన్లు కొన్నారు, పిన్నులు కొన్నారు, పిల్లలకు ప్లాస్టిక్ గాజులు కొన్నారు. చెయ్యి మాత్రం ఎవరూ చాచలేదు. "కూర ఏం వండారండి?" అని నేను అడిగినవాళ్ళు వింతగా చూసి వెళ్ళిపోయారు. అమ్మ వీపు నాకు కనిపించకపోయినా, అది కొద్దికొద్దిగా వంగిపోతున్నట్టు తెలుస్తూనే ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చాక, సముద్రం వైపు ఊళ్ళ నుంచి ఒక ఆవిడ, కడుపుతో ఉన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. నాన్న ఏడని అడిగింది. చెప్పాను. ఆవిడ పట్టా మీద కూలబడింది. తరువాత కూతురి చెయ్యి పట్టి ముందుకు చాపింది. నా వైపు కాదు, నన్ను దాటించి, అమ్మ వైపు.

"ఏడో నెల, అక్కా. నువ్వే వెయ్యాల."

అమ్మ ఇటు తిరగలేదు. "నేను వెయ్యకూడదమ్మా. మా అమ్మాయి వేస్తది. నేర్చుకుంది."

చెయ్యి తీసుకున్నాను. నీరు పట్టి ఉబ్బిన చెయ్యి. అమ్మ చేతికంటే కష్టమైనది. పిల్ల భయంతో పిడికిలి బిగించింది. కూర మాట కూడా నాకు నోట రాలేదు. నొక్కుతూ, నొప్పి పెడుతున్నానేమోనని ఒక్క క్షణం ఆపాను. గాజు చిట్లింది. కడుపుతో ఉన్న పిల్ల చేతి మీద, మొదటి గాజు. పిల్ల చెయ్యి లాక్కోబోయింది. తల్లి వదలలేదు. ముక్కలు పక్కకు తోసి, చేతిని ఇంకా ముందుకు, అమ్మ మోకాలికి తగిలేదాకా చాపింది.

"దీన్ని నేను కడుపులో మోసేటప్పుడు నాకు గాజులేసింది ఎవరక్కా? నువ్వు కాదా? నీ చెయ్యి మంచిది కాకపోతే ఇదెక్కడి నుంచొచ్చింది?"

సంత ఎంత సందడిగా ఉంటుందో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఏ శబ్దమూ గుర్తు లేదు. అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. పైట కింద నుంచి రెండు చేతులూ బయటకు తీసింది, అంతమంది ముందు, బోసి చేతులు. పిల్ల చేతిని వాటి మధ్యకు తీసుకుంది. "ఏం పేరమ్మా? ఎండకి నడిచొచ్చారా? కాళ్ళు పీకుతున్నాయా?" అంటూ బొటనవేలి మొదలు రుద్దడం మొదలుపెట్టింది. పిడికిలి విడిపోయింది. అరచెయ్యి దోనెలా ముడుచుకుంది. గాజుల వైపు మాత్రం ఆమె చెయ్యి వెళ్ళలేదు. నా వైపు చూసి అంది. "గాజు నువ్వు పట్టుకో. చెయ్యి నేను చూసుకుంటా."

పట్టుకున్నాను. ఆమె నొక్కింది, నేను జార్చాను. గాజు ఆమె వేళ్ళను తాకీ తాకకుండా దాటి వెళ్ళింది. ఒకటి తరువాత ఒకటి, రెండు చేతులూ నిండాయి. మరొకటి చిట్లలేదు.

తరువాత నేను పంతులమ్మనయ్యాను, ఆపైన అధ్యాపకురాలినయ్యాను. నా ఎదుట ఎందరో విద్యార్థులు కూర్చున్నారు, నా మాట నమ్మారు. ఈ రోజుల్లో గాజులు డబ్బాల్లో వస్తాయి. సైజు అంకె చెబితే చాలు, ఎవరి చేతిని ఎవరూ పట్టుకోనక్కరలేదు. అది సులువే, కాదనను. అయితే ఆ రోజు పట్టా మీద నేను చూసిన నమ్మకం వంటిది మళ్ళీ నాకెక్కడా ఎదురుపడలేదు. తను కన్నబిడ్డ చేతిని, ఊరంతా వద్దనుకున్న చేతుల్లో పెట్టి, ఆ తల్లి ఒక్కసారి కూడా చుట్టూ చూడలేదు.

గాజులు వేయించుకున్నాక వేసినవారికి నమస్కారం పెట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. పిల్ల భారంగా ముందుకు వంగింది. అమ్మ వెనక్కి జరిగి, నన్ను చూపించింది. పిల్ల నాకు పెట్టింది, తరువాత అమ్మ పాదాల వైపు వంగింది. అమ్మ మళ్ళీ జరగబోయింది గాని, వెనుక గాజుల పెట్టె ఉంది, జరగడానికి చోటు లేదు. ఏం దీవించాలో ఆమెకు తోచలేదని ముఖం చూస్తే తెలిసింది. చెయ్యి ఎత్తి, కాసేపు గాలిలోనే ఉంచి, చివరికి పిల్ల తల మీద పెట్టింది. "బాగా తిను తల్లీ" అంది.

వాళ్ళు లేచేలోపే, అంతవరకు రిబ్బన్లు తిప్పి చూస్తూ నిలబడ్డ ఒక నాట్లకూలీ ఆవిడ పట్టా మీద కూర్చుంది. చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, మా ఇద్దరి మధ్యకు చాచింది.